రాళ్ల డబ్బా అప్డేట్: పలుగురాయి, నాపరాయి, ముగ్గురాయి

ఈ నెల కొత్త రాళ్లు పెద్దగా ఏం తేలేదు, ఉన్నవాటికే టెస్టులు చేసుకుంటూ కూర్చున్నా. మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి, స్కూల్లో పరమాణువుల పాఠం నడుస్తోంది, సెలవు దొరికితే చాలు వచ్చి రాళ్ల దగ్గరే ఉంటున్నాడు, వాడికి చెప్పినవన్నీ నోట్‌బుక్‌లో రాసి పెట్టా కాబట్టి పిల్లలున్న వాళ్లకి పనికొస్తాయని ఇక్కడ కూడా పెడుతున్నా.

సామాన్ల సంగతి ముందు చెప్తా. 10ఎక్స్ లెన్స్ ఒకటి, నగల షాపుల్లో వాడేలాంటిది, రెండు మూడు వందల్లో వస్తుంది. స్టీల్ చాకు, గాజు ముక్క, అయస్కాంతం, వెనిగర్, వంటింటి డిజిటల్ కాటా. ఇంకా వెనక వైపు తెల్లగా, గరుగ్గా ఉండే టైల్ ముక్క, దాని మీద రాయిని గీస్తే పడే పొడి రంగు చూడటానికి. వెనక ఎర్రగా ఉండే టైల్ అయితే పనికిరాదు, దాని రంగే కలిసిపోతుంది. రాళ్లు పగలగొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, పిల్లలు ఉంటే రాయి మీద గుడ్డ కప్పి కొట్టండి.

హైదరాబాద్‌లో ఉంటే గ్రానైట్‌తోనే మొదలుపెట్టండి, ఇంకో ఆలోచన వద్దు. ఇక్కడి గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి, ఇల్లు కట్టే చోట పునాది తవ్విన కుప్పలో అడిగితే ఒక ముక్క ఎవరైనా ఇస్తారు. పైన ఎండా వానా తిన్న ముఖం కాదు, కొత్తగా పగిలిన ముఖం చూడాలి. ఎండలో పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే గులాబీ రంగు గింజలు ఒక కోణంలో ఒక్కసారిగా అద్దంలా తళుక్కుమంటాయి, అది ఫెల్డ్‌స్పార్. ఎంత తిప్పినా అలా మెరవకుండా పగిలిన గాజులా బూడిద రంగులో ఉండేది క్వార్ట్జ్, అదే మన పలుగురాయి. సూదితో గీకితే పొరలుగా లేచొచ్చే నల్లటి రేకులు బయోటైట్ అనే అభ్రకం.

ఇలా ఒకటి మెరిసి ఇంకొకటి మెరవకపోవడం అంతా లోపల పరమాణువులు ఎలా సర్దుకున్నాయి అనేదాని మీదే ఉంది. క్వార్ట్జ్‌లో ప్రతి సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ఆ ప్రతి ఆక్సిజన్ని పక్క సిలికాన్ కూడా పంచుకుంటుంది, అలా అన్ని దిక్కులకీ బంధాలు గట్టిగానే ఉంటాయి కాబట్టి ఫలానా చోట పగలాలి అని ఏమీ ఉండదు, ఎటు పడితే అటు వంపులుగా పగులుతుంది. ఫెల్డ్‌స్పార్‌లో కొన్ని తలాల వెంట బంధాలు కాస్త బలహీనం, అందుకే చదునుగా పగిలి వెలుగు కొడుతుంది. అభ్రకంలో ఆ నాలుగు ఆక్సిజన్ల గుంపులు పరుచుకుని షీట్లుగా ఉంటాయి, పొరల జతల మధ్య పొటాషియం పరమాణువులు పట్టుకుని ఉంటాయి గానీ ఆ పట్టు చాలా తక్కువ, గోరు పెడితే చాలు ఊడిపోతాయి.

వాడు అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. "మామా, మరి గ్రానైట్ ఫార్ములా ఏంటి?" అన్నాడు. ఫార్ములా ఖనిజానికి ఉంటుందిరా, శిలకి ఉండదు, మిక్చర్ పొట్లానికి ఫార్ములా ఉంటుందా అన్నా. క్వార్ట్జ్ అంటే ఎక్కడ తీసుకున్నా ఒక సిలికాన్‌కి రెండు ఆక్సిజన్లే, గ్రానైట్‌లో మాత్రం ఈ ముక్కలో పలుగు ఎక్కువ ఉండొచ్చు, పక్క ముక్కలో తక్కువ ఉండొచ్చు. ఇంకోటి విని అస్సలు నమ్మలేదు, భూమి పైపొర బరువులో దాదాపు 46 శాతం ఆక్సిజనే, 28 శాతం దాకా సిలికాన్, మిగతావన్నీ కలిపి ఆ మిగిలిందే. గాలిలో ఉంటుంది అనుకున్నది రాతిలోనే ఇంత ఉందా అని చాలాసేపు ఆ ముక్కనే చూస్తూ కూర్చున్నాడు.

గట్టిదనం టెస్టు త్వరగానే అయిపోయింది. 1812లో ఫ్రెడరిక్ మోస్ పెట్టిన స్కేలే, 1 అన్నిటికన్నా మెత్తటి టాల్క్, 10 అన్నిటికన్నా గట్టి వజ్రం. గోరు రెండున్నర, చాకు, గాజు రెండూ ఐదున్నర దగ్గర, ఫెల్డ్‌స్పార్ 6, పలుగు 7. అంటే గాజు మీద గీత పడింది కదా అని పలుగే అనుకోవద్దు, ఫెల్డ్‌స్పార్ కూడా గీస్తుంది. గీత పడ్డాక వేలితో తుడిచి చూడండి, ఒక్కోసారి అది గీత కాదు, మెత్తటి రాయి వదిలిన పొడి.

తర్వాత నాపరాయి, ఇదీ ఒక రకం సున్నపురాయే. తాండూరు బండ ముక్క ఫ్లోరింగ్ షాపు బయట పడేసినది అడిగి తెచ్చుకున్నా. చుక్క వెనిగర్ వేస్తే మొదట్లో ఏం జరగనట్టే ఉంటుంది, చాకుతో కాస్త గీకి ఆ పొడి మీద వేసి లెన్స్‌తో చూస్తే సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. అది సున్నపురాయిలోని కార్బనేట్ నుంచి విడిపోతున్న కార్బన్ డయాక్సైడ్. గ్రానైట్ మీద ఎంత పోసినా ఉలకదు. బాత్రూం యాసిడ్ అయితే గట్టిగా పొంగుతుంది కానీ పిల్లలతో వద్దు, వెనిగర్ చాలు.

ఈ నెల నాకు బాగా నచ్చింది మాత్రం సాంద్రత కొలవడం. రాయిని మామూలుగా తూచండి. తర్వాత గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నాకి సెట్ చేసి, రాయికి దారం కట్టి పూర్తిగా మునిగేలా, అడుగుకీ అంచులకీ తగలకుండా వేలాడదీయండి, అప్పుడు కాటా చూపించే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం సీసీల్లో. మొదటి అంకెని రెండోదాంతో భాగిస్తే సాంద్రత వచ్చేస్తుంది. గులకరాయి అంతది పెడితే ఒక గ్రాము తేడాకే లెక్క మారిపోతుంది, గుప్పెడంత రాయి తీసుకోండి. రాయి మీద గాలి బుడగలు అంటుకుంటే దారం కాస్త కదిలించి వదిలించాలి.

పలుగు 95 గ్రాములు, నీళ్లలో 36, అంటే 2.64. నాపరాయి 135 కి 50, అంటే 2.7. మంగంపేట ముగ్గురాయి 168 కి 40 వచ్చింది, 4.2! చూడ్డానికి తెల్లగా మామూలు రాయే, చేతిలో పెట్టగానే వాడు "ఇదేంటి మామా ఇంత బరువుంది" అన్నాడు. అది బేరియం సల్ఫేట్, బైరైటీస్ అంటారు, కాల్షియం పరమాణు భారం 40 అయితే బేరియంది 137, లోపలి పరమాణువు బరువు చేతికే తెలిసిపోతుంది. ఆయిల్ బావులు తవ్వేటప్పుడు లోపలికి పోసే బురదకి బరువు రావాలని దీన్నే పొడి చేసి కలుపుతారు, ఉమ్మడి కడప జిల్లాలోని ఆ గని నుంచి అందుకే ఎగుమతులు.

చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు పోయినప్పుడు తెచ్చిన నల్లరాయి కూడా డబ్బాలోకి చేరింది, బసాల్ట్. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కింద లావా పారి చల్లారింది. పైకి వచ్చి త్వరగా చల్లబడింది కాబట్టి పరమాణువులకి పెద్ద స్ఫటికాలు కట్టే టైమ్ లేదు, లెన్స్ పెట్టినా గింజలు విడిగా కనపడటం కష్టం. గ్రానైట్ భూమి లోపల మెల్లగా చల్లారింది, అందుకే గింజలు అంత పెద్దవి. దారిలో మట్టి చూస్తేనే తెలిసిపోతుంది, గ్రానైట్ ఉన్నంత మేర ఎర్ర చెల్కలు, బసాల్ట్ రాగానే నల్లరేగడి.

ఒక మాట గట్టిగా చెప్పాలి, భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లాంటి రక్షిత చోట్ల నుంచి ఒక్క పిడికెడు కూడా తేవద్దు. చూడండి, ఫోటో తీసుకోండి, అంతే. క్వారీల్లోకి కూడా పర్మిషన్ లేకుండా పోవద్దు.

లేబుల్స్ ఇలా పెడుతున్నా: రాయికి ఒక మూల తెల్ల నెయిల్ పాలిష్ చుక్క, ఆరాక దాని మీద పెన్నుతో నంబరు, అదే నంబరు కింద నోట్‌బుక్‌లో ఊరు, తేదీ, ఎక్కడ పడి ఉంది, టెస్టుల్లో ఏం వచ్చింది. కాగితం చీటీ ఒక్కటే పెడితే జారిపోతుంది. వచ్చే నెల బయ్యారం వైపు చుట్టం ఒకాయన ఇనుపరాయి ముక్కలు పంపుతా అన్నాడు, టైల్ మీద గీస్తే ఎర్ర గోధుమ రంగు పొడి పడితే హెమటైట్, నల్లగా పడి అయస్కాంతానికి అంటుకుంటే మాగ్నటైట్, అవి వచ్చాక రాస్తా.