పద్దెనిమిది నిండకముందే మొదలుపెట్టాలి

బాలల గృహాల్లో పెరిగిన పిల్లలు 18 ఏళ్లు నిండగానే అక్కడి నుంచి బయటకు రావలసి ఉంటుంది. అలా వచ్చినవారికి ఆర్థిక సహాయం అందించేందుకు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 46వ సెక్షన్ వీలు కల్పించింది. ఆ చట్టం అమలుకు 2016లో వచ్చిన నమూనా నిబంధనలు ఆ అండను 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 ఏళ్ల వరకు ఇవ్వవచ్చన్నాయి. బాలల సంరక్షణకు ఉద్దేశించిన కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయానికీ అవకాశం ఉంది. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. నా అభ్యంతరమల్లా సన్నాహం ఎప్పుడు మొదలవుతున్నదన్న దాని గురించే.

పిల్లలు బయటకు వెళ్లడానికి రెండు నెలల ముందు వారి భవిష్యత్తుకు సంబంధించిన ప్రణాళికను సమర్పించాలని నిబంధన. రెండు నెలల్లో ఫైలు సిద్ధమవుతుందేమో గానీ మనిషి సిద్ధం కావడం కష్టం. నేను ఆదివారాలు లెక్కలు చెప్పడానికి వెళ్లే ఆడపిల్లల గృహంలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి, వంటమ్మకు సాయంగా యాభై మందికి అన్నం వండుతుంది, గుండిగలో ఎసరు ఎంత ఉండాలో కంటితో చూసి చెప్పేస్తుంది. ఆ అమ్మాయే ఒకసారి, "అక్కా, ఒక్కదానికైతే ఎన్ని బియ్యం పొయ్యాలి?" అని అడిగింది. దానికి జవాబు సులువే. కానీ కిలో బియ్యం ధర ఎంతో, సిలిండరు ఎన్నాళ్లు వస్తుందో, జీతం ఇరవయ్యో తారీఖుకే అయిపోతే ఎలా నెట్టుకురావాలో ఆమెకు తెలిసే దారి లేదు, ఎందుకంటే సబ్బు బిళ్ల నుంచి చెప్పుల జత వరకు అన్నీ ఎవరో లెక్కపెట్టి చేతికిచ్చినవే.

అందుచేత పదో తరగతి దాటినప్పటి నుంచే నెలనెలా కొంత సొమ్ము వారి చేతికిచ్చి, రైతుబజారుకు పంపి, ఖర్చు వారిచేతే రాయించాలి. కొంత వృథా అవుతుంది, కానివ్వండి. మన ఇళ్లలో పిల్లలు చేయడం లేదా? ఆధార్, కుల ధ్రువీకరణ పత్రాల పని కూడా అప్పుడే మొదలుపెట్టడం మంచిది, తల్లిదండ్రుల వివరాలు తెలియని పిల్లలకు అవి అంత తేలిగ్గా చేతికి రావు.

ఇక అద్దె గది. "అమ్మానాన్నలు ఎక్కడుంటారు?" అన్న ప్రశ్న దగ్గరే చాలాసార్లు మాట ఆగిపోతుంది. ఆరుగురి నుంచి ఎనిమిది మంది కలిసి తాత్కాలికంగా ఉండేందుకు వసతి కల్పించవచ్చని అవే నిబంధనలు చెబుతున్నాయి. నగరంలో 4,000 రూపాయలు అద్దెకూ తిండికీ కలిపి ఎలాగూ సరిపోవు కనుక, జిల్లా బాలల సంరక్షణ విభాగాలు ముందుగా అలాంటి ఇళ్లను తమ పేరున అద్దెకు తీసుకుంటే, ఇంటి యజమానికి జవాబు చెప్పుకోవలసిన అవస్థ పిల్లలకు తప్పుతుంది.