రసీదు వెనక ఒక వాక్యం

ఏప్రిల్ 1వ తేదీ మా ఊళ్లో సెలవు. 1936లో ఆ రోజునే ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది కనుక ఇక్కడ ఉత్కళ దివసం జరుపుకుంటారు. మా పర్లాకిమిడి ఒడిశాలోకి, పక్కనే ఉన్న పాతపట్నం తెలుగు వైపుకి వెళ్లిపోయింది కూడా ఆ విభజనలోనే. నావంటి వాడికి అదే రోజు ఇంకొక లెక్కలోనూ ముఖ్యమైనది, ఎందుకంటే ఆర్థిక సంవత్సరం ఆనాటితో మొదలవుతుంది, పాత చిట్టా మూసి కొత్తది తెరవాలి.

నేను ఒడియా, తెలుగు, ఇంగ్లీషు భాషల మధ్య అనువాదాలు చేస్తాను. పని ఇచ్చేవాళ్లు హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఉన్నారు, ఒకరు విదేశంలో ఉన్నారు. ఉద్యోగం చేసే మా తమ్ముడికి ఏటా ఫారం 16 చేతికి వస్తుంది, అందులో జీతమూ కోతలూ అన్నీ ఎవరో లెక్కగట్టి ఉంటాయి. నాకు ఆ ఎవరో లేరు. ఎంత వచ్చిందో, దాన్ని సంపాదించడానికి ఎంత పోయిందో నేనే చెప్పుకోవాలి, అడిగితే చూపించుకోవాలి.

మొదటి ఏడాది ఈ సంగతి నాకు సరిగా అర్థం కాలేదు. మూడు ప్లాస్టిక్ కవర్ల నిండా బిల్లులు కుక్కుకుని, బస్సెక్కి, శ్రీకాకుళంలో మా ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మొదటి కవరు బల్లమీద బోర్లించి, నాలుగైదు కాగితాలు తిరగేసి, కళ్లద్దాలు తీసి, "ఇదేమిటి బాబూ, అన్నీ ఒడియాలో ఉన్నాయి?" అన్నారు. ఆ మధ్యాహ్నమంతా నేను ఒక్కొక్క బిల్లూ చదివి తెలుగులో చెబుతూ ఉంటే ఆయన గుమాస్తా రాసుకున్నాడు. నా వృత్తిజీవితంలో కూలి లేకుండా చేసిన అనువాదం అదొక్కటే. వాటిలో కొన్ని చదవడానికి అక్షరాలే మిగల్లేదు. యంత్రం నుంచి వచ్చే ఆ నున్నటి కాగితం మీది అచ్చు మా ఎండలకు, ఉక్కకు ఆరేడు నెలల్లోనే తెల్లగా వెలిసిపోతుంది.

అసలు చిక్కు మాత్రం భాషలోనూ లేదు, వెలిసిన సిరాలోనూ లేదు. బరంపురంలోని ఒక దుకాణం బిల్లు 1,340 రూపాయలకు ఉంది, తేదీ ఉంది, ముద్ర ఉంది, వస్తువు పేరున్న చోట మాత్రం ఒక గీత లాంటి రాత ఉంది. ఆ దుకాణంలో ప్రింటరు సామానూ అమ్ముతారు, మిక్సీ జార్లూ అమ్ముతారు. ఆ రోజు నేను కొన్నది ఇంకు కార్ట్రిజ్జా, అమ్మ తెమ్మన్న జారా అన్నది ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఆడిటర్ గారు దాన్ని పక్కన పడేస్తూ, "డబ్బు ఇచ్చావని రసీదు చెబుతుంది. ఎందుకిచ్చావో నువ్వే చెప్పాలి కదా బాబూ" అన్నారు. అలా పక్కన పడిన కాగితాలు ఆ సాయంత్రానికి ఒక కవరెడు అయ్యాయి.

అప్పటినుంచి నేను ఒక్క పని తప్పకుండా చేస్తున్నాను. బిల్లు చేతికి వచ్చిన రోజునే దాని వెనక పెన్నుతో తెలుగులో ఒక వాక్యం రాస్తాను: ఏ వస్తువు, ఎవరి పని కోసం, ఇంటి వాడకం కూడా ఉంటే అందులో ఎంత వంతు. తరువాత రెండు వైపులా ఫోనుతో ఫొటో తీసి, వెలిసిపోయే రకమైతే జిరాక్సు కూడా తీసి, చిట్టాలో పద్దు వేస్తాను. ఆటో వాడు బిల్లు ఇవ్వడు కనుక, అటువంటి చిన్న ఖర్చులకు తేదీ, బయలుదేరిన చోటు, చేరిన చోటు, కారణం రాసి నేనే ఒక వోచరు మీద సంతకం పెట్టుకుంటాను. లెక్కల యాప్‌లు రెండు వాడి చూశాను, బాగానే ఉన్నాయి. కానీ వాటిలో కారణం రాసే గడిని ఖాళీగా వదిలేసినా అవి ఊరుకుంటాయి. నాకు అదే పనికిరాలేదు.

చట్టం అడిగేదీ ఆ కారణాన్నే. ఖర్చు పూర్తిగా, కేవలం వృత్తి కోసమే జరిగి ఉండాలి, సొంత ఖర్చు కాకూడదు, ఆస్తి కొనడానికి పెట్టిన పెట్టుబడీ కాకూడదు. ఇంట్లోనే పనిచేసేవాడికి ఈ గీత గడప దగ్గర ఆగదు. నెలకు 599 రూపాయల బ్రాడ్‌బ్యాండ్‌కు 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 707 అవుతుంది. జీఎస్టీ నమోదు లేని నాకు ఆ పన్ను తిరిగి రాదు కనుక మొత్తం 707 ఖర్చు కిందే లెక్క. అయితే రాత్రిళ్లు అమ్మ సీరియళ్లు చూసేది కూడా ఆ కనెక్షన్ మీదే కాబట్టి నేను ఏడు వంతులు పనికి, మూడు వంతులు ఇంటికి పంచి రాస్తాను. ఇంటి అద్దెలో పని గది వంతు నాలుగింట ఒకటి. ఈ వంతులు ఏ చట్టంలోనూ రాసి లేవు. ఎలా వచ్చాయని అడిగితే చెప్పగలగాలి, ఏడాది మధ్యలో మన సౌకర్యం కోసం మార్చకూడదు, అంతే. క్రిందటేడు విశాఖపట్నంలో ఒక సంస్థవారితో మాట్లాడటానికి వెళ్తూ అమ్మను కూడా కంటి పరీక్షకు తీసుకువెళ్లాను. నా టిక్కెట్టు పద్దులోకి వెళ్లింది, ఆమెది వెళ్లలేదు. "నేను రాకపోతే నువ్వు ఆ ఇడ్లీలు కూడా తినకుండా వచ్చేవాడివి, అవి కూడా రాసుకోరా" అంది అమ్మ. రాయలేదు.

ఖర్చుల కన్నా నన్ను ఎక్కువ తికమక పెట్టింది రాబడి. 40,000 రూపాయల బిల్లు పంపితే ఖాతాలో 36,000 పడుతుంది, పనిచ్చినవాళ్లు 10 శాతం టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను, కోసి కడతారు. మొదట్లో నేను ఖాతాలో పడిన 36,000నే రాబడిగా రాసుకున్నాను. అది తప్పు. రాబడి 40,000. ఆ 4,000 నా పేరున ప్రభుత్వానికి ముందే చేరిన పన్ను, నా పేరున జమైన పన్నుల పట్టిక అయిన ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్నులో నేను దాన్ని అడిగి తీసుకోవాలి. డాలర్లలో వచ్చే డబ్బుకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. మధ్యలో చెల్లింపు సంస్థ పట్టుకున్న రుసుము ఖర్చు కింద రాయాలి తప్ప, మిగిలినదాన్నే రాబడి అనుకోకూడదు.

26ఏఎస్‌ను జూలైలో రిటర్ను వేసేటప్పుడు మాత్రమే చూడటం నేను చేసిన ఇంకొక పొరపాటు. హైదరాబాదులోని ఒక సంస్థవారు ఏడాది పొడవునా పన్ను కోశారు గాని, వాళ్ల లెక్కల్లో నా పాన్‌లో ఒక అక్షరం తప్పు పడింది. కోత నాది, జమ ఇంకెవరిదో. దాన్ని సరిచేయించడానికి నాలుగు ఉత్తరాలు రాయవలసి వచ్చింది. ఇప్పుడు మూడు నెలలకొకసారి తెరిచి చూస్తున్నాను. దీనితోపాటే మార్చి నెల గొడవ ఒకటి ఉంది: నేను మార్చిలో పంపిన బిల్లును వాళ్లు మార్చి 31న తమ పుస్తకాల్లో రాసుకుంటారు, కోతనూ ఆ ఏటి లెక్కలోనే చూపిస్తారు, డబ్బు మాత్రం మేలో వేస్తారు. చేతికి వచ్చినప్పుడే రాబడిగా రాసే నగదు పద్ధతి పాటించవచ్చు, హక్కు ఏర్పడినప్పుడే రాసే పద్ధతీ పాటించవచ్చు, కానీ ఏదో ఒకదానికి కట్టుబడి ఉండాలి. నేను నగదు పద్ధతిలో ఉన్నాను గనుక, ఏ ఏటి కోత ఏ ఏటి రాబడికి చెందుతుందో జత కలిపి చూపే ఒక పేజీ చిట్టా చివర ఉంచుకుంటాను.

వస్తువులు కొన్నప్పుడు వేరే లెక్క ఉంది. 2023 నవంబరులో 62,000 రూపాయలు పెట్టి ల్యాప్‌టాప్ కొని, ఆ మొత్తం ఆ ఏటి ఖర్చులోకి వెళ్లిపోతుందని సంబరపడ్డాను. వెళ్లదు. కంప్యూటరు మీద ఏటా 40 శాతం తరుగుదల మాత్రమే రాసుకోవాలి, అదీ ఆ ఏడాదిలో 180 రోజులకు తక్కువగా వాడి ఉంటే సగమే. అందువల్ల మొదటి ఏడాది 12,400, మిగిలిన 49,600 మీద మరుసటి ఏడాది 19,840 వచ్చాయి. అదే యంత్రాన్ని సెప్టెంబరులో కొని ఉంటే మొదటి ఏడాదే 24,800 రాసుకునేవాణ్ణి. ఇన్వర్టరు కొనేటప్పుడు దుకాణదారు, నగదు ఇస్తే కచ్చా బిల్లు మీద 18,000, పక్కా బిల్లు కావాలంటే 21,000 అన్నాడు. ఒకరికి ఒక రోజులో 10,000 రూపాయలు దాటి నగదు ఇస్తే ఆ మొత్తం లెక్కకు పనికిరాదు. కచ్చా బిల్లుతో కొన్నది లెక్కల్లో అసలు నాదే కాదు. 21,000 ఫోన్లో బదిలీ చేసి వచ్చాను.

ఇంతా విన్న ఒక స్నేహితుడు, ఇతను వెబ్‌సైట్లు తయారుచేసేవాడు, "నాలాగా రాబడిలో సగం లాభమని చూపించెయ్, పీడా పోతుంది" అన్నాడు. ఆదాయపు పన్ను పాత చట్టంలో 44ఏడీఏ సెక్షను కింద ఆ వెసులుబాటు ఉన్న మాట నిజమే. అయితే అది న్యాయవాదులు, వైద్యులు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు వంటి కొన్ని పేర్కొన్న వృత్తులకే వర్తిస్తుంది, అనువాదకుడి పేరు ఆ జాబితాలో లేదు. ఆ తగవులోకి దిగవద్దని ఆడిటర్ గారు చెప్పారు, నేను దిగలేదు. జీఎస్టీ విషయంలో మాత్రం నిశ్చింతగా ఉన్నాను: సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా, పనిచ్చేవాళ్లు వేరే రాష్ట్రంలో ఉన్నా, నమోదు అక్కరలేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం అమలు కాబట్టి సెక్షన్ల అంకెలు వేరు. అందుకే నేను అంకెలు కాక విషయాలే గుర్తుపెట్టుకుంటున్నాను.

పన్ను లెక్కించే రెండు విధానాల్లో కొత్తదాని ప్రకారం 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడనప్పుడు ఈ రసీదుల గోల ఎందుకని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పన్ను లేకపోయినా కోసిన 10 శాతం వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి, అందులో లాభం ఇంత అని రాయాలి. బ్యాంకు అప్పు ఇచ్చేముందు చూసేదీ ఆ లాభాన్నే గనుక ఖర్చులు ఉబ్బించి చూపినవాడు అక్కడ నష్టపోతాడు. 2023-24లో ఒక పెద్ద పని దొరికి నా ఆదాయం అప్పటి 7 లక్షల హద్దు దాటింది. విదేశీ రాబడిలో ఎవరూ పన్ను కోయరు, నేను ముందస్తు పన్ను కట్టలేదు, వడ్డీ వేశారు. కోతలు పోగా కట్టవలసింది 10,000 లేదా అంతకు మించితే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీల్లో విడతలుగా కట్టాలని అప్పుడు తెలిసింది.

నాకు నిజంగా కళ్లు తెరిపించిన పేజీ ఇంకొకటి. ఒక సంస్థ మాటకు రూపాయిన్నర ఇస్తుందని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. వాళ్లకు చేసిన 60,000 మాటలకు 90,000 వచ్చింది. వాళ్ల షరతు ప్రకారం రెండో వ్యక్తి చేత దిద్దించినందుకు 18,000, వాళ్లు చెప్పిన సాఫ్ట్‌వేరు చందా 9,500, ప్రింటు కాగితాలకు 1,100 పోయాయి. చేతిలో మిగిలింది 61,400, అంటే మాటకు రూపాయి రెండు పైసలు. ఏ షరతూ లేకుండా రూపాయీ ఇరవై పైసలు ఇచ్చే బెంగళూరు వాళ్లను నేను అన్నేళ్లూ చిన్నచూపు చూశాను. బిల్లుల వెనక ఎవరి పని కోసమో రాసి ఉండకపోతే ఈ కూడిక వేయడం సాధ్యమయ్యేది కాదు. రూపాయిన్నర వారికి కొత్త రేటు రాసి పంపాను, ఇంకా జవాబు రాలేదు.

ఈసారి ఏప్రిల్ 1న దుకాణాలు మూసి ఉండటం వల్ల కొత్త చిట్టా మరునాడు కొన్నాను. మొదటి పద్దు: ఏప్రిల్ 2, నోటుపుస్తకం, 85 రూపాయలు, కారణం, ఈ పద్దులు రాయడానికి.