ముక్కు అంటే 14

పాపువా న్యూగినీ కొండల్లోని ఒక్సాప్మిన్ భాషలో అంకెలకు వేరే మాటలు లేవు, అవయవాల పేర్లే అంకెలు. ఒక చేతి బొటనవేలితో ఒకటి మొదలై, మిగతా వేళ్లు, మణికట్టు, ముంజేయి, మోచేయి, జబ్బ, భుజం, మెడ, చెవి, కన్ను దాటి ముక్కు దగ్గర 14కు చేరి, అవతలి వైపు దిగుతూ రెండో చేతి చిటికెనవేలి వద్ద 27తో లెక్క ముగుస్తుంది. అవతలి కన్ను 15. రెండో వైపు అవయవాలకు ‘తన్’ అనే మాట ముందు చేరుతుంది. ఆస్ట్రేలియా పాలనలో పౌండుకు 20 షిల్లింగులు వచ్చాక, కొందరు వర్తకులు 27 దాకా పోకుండా రెండో మోచేతి దగ్గరే ఆగి, దాన్ని ఒక పౌండుగా లెక్కించడం నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో నానమ్మ వడ్లు కొలిచేటప్పుడు మొదటి మానికకు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అనేది. ‘ఏడు’లో ఏడుపు వినిపిస్తుందని ‘ఆరున్నొకటి’ అనేది. ఆ లెక్కకు ఆమె బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల కణుపుల మీదుగా పాకి, 12 దగ్గర ఆగేది.