కష్టమొస్తే ప్రార్థన, సంతోషమొస్తే పాట

మన బడి గురించి ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు వెంటనే తట్టింది స్క్రిప్చర్ పీరియడే, అంటే బైబిలు తరగతే. ఆటల గురించి, వార్షికోత్సవాల గురించి, హాస్టల్ అల్లరి గురించి రాసేవాళ్లు చాలామందే ఉంటారు. నేను మాత్రం మాకు బైబిలు చెప్పిన టీచరమ్మ గారి గురించి, ఆవిడ మా మనసులకు చేసిన ఒక అలవాటు గురించి రాస్తాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ అలవాటే నన్ను నిలబెడుతోంది.

భక్తి ఉన్నవాళ్లకు కోపం రాకూడదు, భయం ఉండకూడదు, ఏడవకూడదు, మరీ ఎక్కువ సంతోషపడినా అది గర్వమే అనే మాట చాలా ఇళ్లలో, చాలా సంఘాల్లో వినిపిస్తుంది. ఆవిడ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. మనసులో ఏది పుట్టినా ముందు దాన్ని దేవుని దగ్గరికి తీసుకెళ్లండి, దాన్ని ఏం చేయాలో ఆ తర్వాత చూద్దాం అనేవారు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం 13వ వచనం మా అందరిచేతా కంఠస్థం చేయించారు: "మీలో ఎవనికైనను శ్రమ సంభవించెనా? అతడు ప్రార్థనచేయవలెను, ఎవనికైనను సంతోషము కలిగెనా? అతడు కీర్తనలు పాడవలెను." కష్టానికి ఎంత చోటు ఇచ్చాడో సంతోషానికీ అంతే చోటు ఇచ్చాడు చూడండి నాన్నా అని గుర్తుచేసేవారు.

మా తరగతిలో ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారు హఠాత్తుగా చనిపోయారు. అంత్యక్రియలు అయ్యాక అతను హాస్టల్‌కి తిరిగొచ్చాడు. పలకరించడానికి వెళ్లినవాళ్లందరూ ఒకటే మాట: ఏడవకు, అంతా దేవుని చిత్తం, నాన్న మంచి చోటే ఉన్నారు. అతను తల ఊపుతూ కూర్చున్నాడు తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సాయంత్రం ప్రార్థన నడిపించాల్సింది టీచరమ్మ గారు. ఆవిడ ప్రసంగమేమీ చేయలేదు. 88వ కీర్తన తీసి, మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా చదివి, బైబిలు మూసేశారు.

ఆ కీర్తన తెలిసినవాళ్లకు అది ఎలా ముగుస్తుందో తెలుసు. మిగతా విలాప కీర్తనల్లో చాలావరకు చివరికి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట వెలుగు కనిపిస్తుంది. 13వ కీర్తననే తీసుకోండి. ఇంకెంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణి నిలదీస్తూ మొదలై, పాటతో పూర్తవుతుంది. 88 అలా కాదు. స్నేహితులు, అయినవాళ్లు దూరమయ్యారని చెప్పి, చీకట్లోనే ఆగిపోతుంది. మాలో ఒకరు లేచి, ఇందులో ఆదరణ ఎక్కడుందండీ అని అడిగారు. ఆవిడ చెప్పింది నాకు బాగా గుర్తుంది: "ఆదరణ దొరకని రోజు కూడా ఉంటుంది నాన్నా. ఆ రోజు కూడా నోరు తెరవడానికి మాటలు కావాలి కదా, అందుకే దేవుడు దీన్ని బైబిల్లో ఉంచాడు. ఆ భక్తుడికి జవాబు రాలేదు. అయినా నా రక్షణకర్తా అని పిలిచే మొదలుపెట్టాడు." మా స్నేహితుడు అప్పుడు ఏడ్చాడు. అందరి ముందూ, గట్టిగా. ఎవరూ ఆపలేదు. ఆవిడ ఆపనివ్వలేదు.

కీర్తనల గ్రంథంలో ఉన్న 150 కీర్తనల్లో చాలా పెద్ద భాగం మొరలే, ఫిర్యాదులే. మనం గోడల మీద రాసుకునేవి, క్యాలెండర్ల మీద అచ్చువేసుకునేవి మాత్రం స్తుతి వచనాలు. దాంతో బాధ విశ్వాసానికి తక్కువ అనే భావన ఎక్కణ్ణుంచో వచ్చేసింది. చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధికి వెళ్లే ముందు "యేసు కన్నీళ్లు విడిచెను" అని యోహాను సువార్త 11వ అధ్యాయంలో ఉంది. కాసేపట్లో తానే అతణ్ణి లేపబోతున్నాడని ఆయనకు తెలుసు. తెలిసి కూడా లాజరు తోబుట్టువులు మార్త మరియలతో కలిసి ఏడ్చాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో చనిపోయేంత దుఃఖంగా ఉందని నోరు విడిచి చెప్పి, ముగ్గురు శిష్యుల్ని తనతో మెలకువగా ఉండమని అడిగాడు. దుఃఖాన్ని తండ్రికి చెప్పుకున్నాడు, మనుషులకూ చెప్పుకున్నాడు. రెండోది మనం తరచుగా మర్చిపోతాం.

కోపం విషయంలో ఆవిడ పట్టుకున్న వచనం ఎఫెసీ 4:26. "కోపపడుడి గాని పాపము చేయకుడి, సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు." మా హాస్టల్లో గొడవలకు కొదవ ఉండేది కాదు. రాత్రి ప్రార్థనకు ముందు గొడవపడిన ఇద్దరినీ పక్కకు పిలిచేవారు. వెంటనే సారీ చెప్పించేవారు కాదు. ఒకరి తర్వాత ఒకరు, నాకు ఎక్కడ దెబ్బ తగిలిందంటే అని చెప్పాలి, ఎదుటివాళ్లు మధ్యలో అడ్డురాకుండా వినాలి. సారీ దానంతటదే వచ్చేది, కొన్నిసార్లు మర్నాటికి వచ్చేది. మార్కు సువార్త 3వ అధ్యాయంలో, విశ్రాంతి దినాన స్వస్థపరుస్తాడేమోనని కాచుకుని ఉన్నవాళ్లను యేసు కోపంతో చూశాడనీ, వాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖపడ్డాడనీ ఉంది. వెంటనే చేసింది మాత్రం ఊచచెయ్యి (చచ్చుబడిన చెయ్యి) గలవాణ్ణి బాగుచేయడం. ఆ కోపం ఒక మనిషికి మేలుగా మారింది చూడండి అని టీచరమ్మ గారు ఆ భాగం చదివినప్పుడల్లా ఆగి చెప్పేవారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. క్షమించడం వేరు, గాయమే కాలేదని నటించడం వేరు. ఇంట్లోనో, పని దగ్గరో, సంఘంలోనో హింస పడుతున్నవాళ్లకు క్షమించు అనే ఒక్క మాట చెప్పి నోరు మూయించడం వాక్యాన్ని దుర్వినియోగం చేయడమే. అన్యాయం మీద వచ్చిన కోపాన్ని దాచుకోమని ప్రవక్తలెవరూ చెప్పలేదు. ఆమోసు గ్రంథం ఒకసారి తెరిచి చూడండి.

ఇక దిగులు. టెన్షన్ వచ్చినప్పుడు ఫిలిప్పీ 4:6 చదువుకోమని అందరూ చెబుతారు, అది నిజంగానే పనిచేస్తుంది. ముఖ్యంగా అందులో చెప్పినట్టు ఏ సంగతి గురించి భయమో విడివిడిగా పేరుపెట్టి చెప్పుకుని, దానితో పాటు కృతజ్ఞత కూడా చెప్పినప్పుడు. కాని అంతకంటే లోతైన కుంగుబాటు ఒకటుంటుంది. దాని కోసం ఆవిడ మమ్మల్ని ఏలీయా ప్రవక్త దగ్గరికి తీసుకెళ్లేవారు. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం చూసినవాడు, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక నా ప్రాణం తీసేయమన్నాడు. దేవదూత వచ్చి మందలించలేదు. తట్టి లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. దేవుని పర్వతం దగ్గర మాటలన్నీ ఆ తర్వాతే. ముందు నిద్ర, తిండి.

చార్లెస్ స్పర్జన్ అనే గొప్ప బోధకుడి గురించి నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. 1856 అక్టోబర్ 19న లండన్‌లోని సర్రే గార్డెన్స్ హాల్లో ఆయన ప్రసంగానికి జనం కిక్కిరిశారు. ఎవరో మంట అని అరిచారు. మంటేమీ లేదు, కాని తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయనకు అప్పుడు 22 ఏళ్లు. ఆ దెబ్బ నుంచి ఆయన మనసు పూర్తిగా కోలుకోలేదు. జీవితమంతా కుంగుబాటు వస్తూ పోతూ ఉండేది, ఆ సంగతి తన దగ్గర చదువుకునే విద్యార్థులకు దాచకుండా చెప్పేవాడు. ఆయన విశ్వాసం తక్కువని ఎవరనగలరు? వారాల తరబడి నిద్ర పట్టకపోతే, బతకాలని లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లడం ప్రార్థన మానేయడం కాదు. దేవుడు ఏలీయాకు రొట్టె పంపినట్టే మనకు డాక్టర్ని పంపుతాడని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇప్పటిదాకా చెప్పిందంతా కొంతవరకు ఎక్కడైనా దొరుకుతుంది. మా బడిలో ప్రత్యేకంగా దొరికింది సంతోషం గురించిన పాఠం. దుఃఖాన్ని ఎలా మోయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాని, సంతోషాన్ని ఎలా మోయాలో చెప్పినవాళ్లు నాకు ఆవిడ తప్ప ఎవరూ గుర్తులేరు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మంచి మార్కులొచ్చిన వాళ్లం కేకలు పెడుతుంటే ఆవిడ వారించలేదు. బాగా అరవండి, కష్టపడ్డారు కదా అన్నారు. తర్వాత చాపెల్‌కి తీసుకెళ్లి పాటలు పాడించారు. పాటలయ్యాక రోమా 12:15 చదివారు: "సంతోషించు వారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి." ఫెయిలైన వాళ్లు వెనక బెంచీల్లో ఉన్నారు. వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి, సలహాలు మాత్రం ఇవ్వకండి అన్నారు. మేం వెళ్లి కూర్చున్నాం. వాళ్లలో ఒకమ్మాయి తల తిప్పి, మన స్కూలు ఫస్టు నీదేనట కదా అని నా పక్కనున్న అమ్మాయిని మెచ్చుకుంది. ఆ మాట అనడానికి ఆ అమ్మాయికి ఎంత మనసు కావాల్సి వచ్చిందో నాకిప్పుడు అర్థమవుతోంది. నాలుగో శతాబ్దపు బోధకుడు యోహాను క్రిసొస్తం ఈ వచనం గురించి చెబుతూ, ఏడ్చేవాళ్లతో ఏడవడం కంటే సంతోషించేవాళ్లతో సంతోషించడానికే గొప్ప మనసు కావాలన్నాడు. ఎదుటివాడి బాధ చూస్తే రాతి గుండె కూడా కరుగుతుంది, ఎదుటివాడి మేలు చూసినప్పుడు అసూయ అడ్డొస్తుంది మరి.

సంతోషంలో ఉండే ప్రమాదాన్ని బైబిలు ఎక్కడా దాచలేదు. తిని తృప్తిపొంది మంచి ఇళ్లలో కాపురముంటున్నప్పుడు దేవుణ్ణి మరచిపోకుండా జాగ్రత్తపడమని ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం ఇశ్రాయేలును హెచ్చరిస్తుంది. బాగుపడ్డ పదిమంది కుష్ఠరోగుల్లో కృతజ్ఞత చెప్పడానికి తిరిగొచ్చింది ఒక్కడే. డెబ్బైమంది శిష్యులు దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయని ఉత్సాహంగా తిరిగొస్తే, యేసు వాళ్ల సంతోషాన్ని తీసేయలేదు, దాని వేరు మార్చాడు. మీరు సాధించినదాన్ని బట్టి కాదు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు. సాధించినది రేపు చేజారినా ఆ సంతోషం చేజారదు. పౌలు కూడా చెరసాల నుంచి రాస్తూ, లేమిలో ఉండటం ఎలాగో, సమృద్ధిలో ఉండటం ఎలాగో రెండూ నేర్చుకున్నానన్నాడు. సమృద్ధిలో బతకడం కూడా నేర్చుకోవాల్సిన విషయమేనని చిన్నప్పుడు మాలో ఎవరికీ తోచలేదు.

1521లో యుద్ధంలో కాలు విరిగి మంచాన పడ్డ ఇగ్నేషియస్ లొయోలా (తర్వాత జెస్యూట్ సంఘాన్ని స్థాపించినవాడు) తన మనసులో వచ్చిపోయే ఉత్సాహాన్నీ నిరుత్సాహాన్నీ గమనిస్తూ ఒక పద్ధతి తెలుసుకున్నాడు. మనసు చీకటిగా ఉన్నప్పుడు ముందు తీసుకున్న మంచి నిర్ణయాలు మార్చుకోవద్దు. మనసు వెలుగ్గా ఉన్నప్పుడు, రాబోయే చీకటి రోజు కోసం బలం కూడబెట్టుకోవాలి. ఉద్యోగంలో బాగా విరక్తి పుట్టిన రోజుల్లో నాకు ఇది చాలా ఉపయోగపడింది. అయితే దీన్ని మాకు మరో రూపంలో టీచరమ్మ గారు ముందే నేర్పేశారు. ప్రతి ఒక్కరిచేతా ఒక నోట్‌బుక్ పెట్టించి, ముందు పేజీల్లో మొరలు, వెనక పేజీల్లో స్తుతులు రాయించేవారు. మనసు బాగాలేనప్పుడు వెనక పేజీలు చదవాలి, మనసు బాగున్నప్పుడు ముందు పేజీలు చదివి, అలాంటి స్థితిలో ఇప్పుడెవరున్నారో ఆలోచించాలి. నేను ఇప్పటికీ అలాంటి నోట్‌బుక్ రాస్తాను, మా పిల్లలచేత కూడా రాయిస్తున్నాను.

ఇప్పుడు మన బడిలో స్క్రిప్చర్ చెబుతున్న టీచర్లకు నాదొక మనవి. 88వ కీర్తనను దయచేసి దాటేయకండి. పిల్లలు చిన్నవాళ్లు, వాళ్లకెందుకు అనుకోవద్దు, ఆ కీర్తన అవసరమయ్యే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఫలితాల రోజున పాటల పుస్తకాలు తీయించండి, వెనక బెంచీల దగ్గరికి కూడా పిల్లల్ని పంపండి. ఆ నోట్‌బుక్ పద్ధతి ఇప్పుడు లేకపోతే మళ్లీ మొదలుపెట్టండి, వాటి ఖర్చు మా బ్యాచ్ వాళ్లం చూసుకుంటాం.