కంచె పైభాగం బయటికెందుకు వంగి ఉంటుంది?

మా అనంతపురం వైపు ఇప్పుడు ఎటు పోయినా కంచెలే. సబ్‌స్టేషన్లు, సోలార్ ప్లాంట్లు, చీనీ (బత్తాయి) తోటలు, చివరికి ఒక్క ఇల్లూ లేని వెంచర్లకు కూడా. పైన ముళ్ల తీగలు కట్టిన ఇనుప కమ్మీ చాలాచోట్ల బయటికి వంగి ఉంటుంది, గమనించారా? కింది నుంచి ఎక్కొచ్చినవాడికి సరిగ్గా నెత్తిమీద తీగలు అడ్డం వస్తాయి, వాటిని దాటాలంటే ఒళ్లంతా వెనక్కి వాల్చి చేతుల మీద వేలాడాలి, అది అందరివల్లా అయ్యే పని కాదు. అదే జైల్లో అయితే వంపు లోపలికి పెట్టాలి, ఎక్కేవాడు లోపలే ఉంటాడు కాబట్టి.

అయినా సరే, కట్టరో నిచ్చెనో తెచ్చుకున్నవాడు ఎంత గట్టి కంచెనైనా దాటేస్తాడు. డిజైన్ చేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. వాడు దాటేలోపు ఎవరో ఒకరు చూసి అక్కడికి చేరుకోవాలి, ఆ నాలుగు నిమిషాల కోసమే ఇంత తంటా. గోడకు బదులు జాలి వేసేది కూడా ఇందుకే. గోడ చాటున దొంగ తీరిగ్గా కూర్చుని పని కానిచ్చుకుంటాడు, జాలి అయితే వాచ్‌మన్‌కీ కెమెరాకీ అవతలి మనిషి కనబడతాడు. రెండు పక్కలా కంపచెట్లు పెరగనివ్వకూడదు, మనవాళ్లు మాత్రం కొత్తలో ఒకసారి కొట్టించి వదిలేస్తారు.

మామూలు చైన్‌లింక్ జాలితో వచ్చిన చిక్కేమిటంటే, రెండంగుళాల కన్నులో బూటు కొన దూరుతుంది, దొంగకు మనమే మెట్లు కట్టిచ్చినట్టు. డబ్బు పెట్టగలిగినవాళ్లు 358 మెష్ వేయిస్తారు. కన్ను 3 అంగుళాల వెడల్పు, 0.5 అంగుళం ఎత్తు, తీగ మందం 8 గేజ్, పేరులోని అంకెలు ఇవే. అందులో వేలు పట్టదు, మామూలు కట్టర్ మూతి దూర్చడమూ కష్టమే. ధర వింటే మాత్రం రైతు నోరెత్తడు.

రాతి కూసాలు (కంచె స్తంభాలు) మనకు దొరకడం అదృష్టమే, తుప్పు పట్టవు. కాకపోతే తీగ లాగుడంతా మూల కూసం మీదే పడుతుంది, దానికి ఏటవాలుగా ఊతం పెట్టకపోతే కొన్నాళ్లకే లోపలికి ఒరిగి తీగలన్నీ వదులైపోతాయి. అడుగున సందు వదిలితే అడవి పంది మూతి పెట్టి జాలిని ఎత్తేస్తుంది, దానికి పైన ముళ్లతో పనే లేదు.

ఒక్క విషయం గట్టిగానే చెప్పాలి. సోలార్ ఫెన్సింగ్ వేరు, పందుల కోసం మెయిన్ లైన్ నుంచి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం వేరు. సోలార్ ఫెన్సింగ్ మిషన్ సెకనుకు ఒకసారి చొప్పున, రెప్పపాటు కూడా ఉండని దెబ్బ కొడుతుంది, మధ్యలో చెయ్యి వెనక్కి తీసుకునే వీలుంటుంది. మెయిన్ కరెంటు వదలదు, కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. అది నేరం, పైగా చచ్చేది చాలాసార్లు పక్క చేను రైతే.

మా బాబాయికి ఇదంతా చెప్పాను, చీనీ తోటకు కంచె వేయించాలని అడిగితే. మోటారు కేబుల్ ఎవరు కోసుకుపోతారో అని ఆయన టెన్షన్. అంతా విని, మూడు వరసల ముళ్ల తీగ చాల్లే, మిగిలిన డబ్బుతో రెండు కుక్కల్ని సాకుతా అన్నాడు. ఆ ఖర్చులో నాకూ అంతకంటే మంచి ఉపాయం తోచలేదు.