శనైః శనైః: ఊపిరిని మచ్చిక చేసుకోవడం

యథా సింహో గజో వ్యాఘ్రో భవేద్వశ్యః శనైః శనైః
తథైవ సేవితో వాయురన్యథా హంతి సాధకమ్

హఠయోగ ప్రదీపిక రెండో ఉపదేశంలో 15వ శ్లోకం ఇది. సింహం, ఏనుగు, పులి మెల్లమెల్లగా మచ్చికైనట్టే ప్రాణవాయువూ వశమవుతుంది, లేదంటే సాధకుణ్ణే చంపుతుంది అంటాడు స్వాత్మారాముడు. 'హంతి' అన్నంత గట్టి మాట ఊరికే పడలేదు. రోజుకు నాలుగు వేళలా ఎనభై కుంభకాల (ఊపిరి బిగబట్టడాల) దాకా వెళ్లమన్న 11వ శ్లోకంలోనూ 'శనైః' ఉంది. చాలామంది ఎనభైని పట్టుకుని శనైః అన్న మాట వదిలేస్తారు.

ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధన ప్రాణాయామమే తీసుకుందాం. భోంచేసి మూడు నాలుగు గంటలయ్యాకే కూర్చోవాలి. నాలుగు మడతల దుప్పటి మీద కూర్చుంటే తుంటి మోకాళ్లకన్నా కాస్త ఎత్తులో ఉంటుంది, నడుము కుంగదు. నడుము కుంగితే పొట్ట నొక్కుకుపోయి ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది.

కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లు మడవండి. బొటనవేలు కుడి ముక్కుకు, ఉంగరపు వేలూ చిటికెన వేలూ ఎడమ ముక్కుకు. ఎముక అయిపోయి మెత్తన మొదలయ్యే చోట తాకితే చాలు. గట్టిగా అదిమితే ముక్కు పక్కకు ఒరిగి తెరిచి ఉన్న రంధ్రం కూడా ఇరుకవుతుంది. ఎడమతో పీల్చి కుడితో వదలడం, కుడితో పీల్చి ఎడమతో వదలడం, ఇదంతా కలిపి ఒక ఆవృత్తి. మొదట్లో ఐదు చాలు.

లెక్కకు అంకెలకన్నా నామం మేలు. అంకెలు పందెం పెట్టిస్తాయి. పీల్చేటప్పుడు మనసులో 'రామ' రెండుసార్లు, వదిలేటప్పుడూ రెండుసార్లు. అక్షరానికి ఒక సెకను. రెండు వారాలు సాఫీగా సాగాక వదలడం మూడు నామాలకు, ఆ తర్వాత నాలుగుకు పెంచండి. పీల్చడం మాత్రం రెండు దగ్గరే ఉండాలి. నిశ్వాస సాగేకొద్దీ గుండె వేగం తగ్గుతుంది, మనసు నిలుస్తుంది.

మచ్చికైందో లేదో తర్వాతి ఉచ్ఛ్వాస చెబుతుంది. వదలగానే గాలి కోసం ఎగబడి, ముక్కుపుటాలు బిగిసి, భుజాలు లేచాయంటే బలవంతం జరిగినట్టే. ఒక నామం తగ్గించాలి. తల తిరిగి, వేళ్ల చివర్లు జిమ్మంటే కారణం సాధారణంగా గాలి చాలకపోవడం కాదు, గబగబా లోతుగా పీల్చి వదలడం. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పడిపోతుంది. అక్కడితో ఆపి మామూలుగా ఊపిరి తీసుకోవాలి.

ఒక ముక్కు బిగుసుకున్నట్టుంటే కంగారొద్దు. పగలంతా గాలి ఎక్కువగా ఆడే ముక్కు మారుతూనే ఉంటుంది. జలుబుతో పూర్తిగా మూసుకుపోతే మాత్రం ఆ రోజు వేళ్లు వద్దు, కళ్లు మూసుకుని నామంతో ఊపిరిని గమనిస్తే చాలు.

ఇక కుంభకం. పీల్చడం 16, బిగబట్టడం 64, వదలడం 32 లెక్కలకు అని ఎక్కడో చదివి మొదటి వారమే బిగబట్టడం పులి మెడకు తాడు వేయబోవడమే. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికే పోకూడదు. మిగతావాళ్లు రెండు-నాలుగు నామాల లయ కొన్ని నెలలు చెదరకుండా సాగాక, గురువు ఎదుట కూర్చుని మొదలుపెట్టాలి.