గుర్రపు తల ఫొటోలో చుక్కలు: నా అనుభవం

మొదటి ఫొటో పూర్తయ్యాక స్క్రీన్ నిండా పెట్టుకుని చూశాను. గుర్రపు తల నెబ్యులా, అంటే గుర్రం తలలా కనిపించే ఆకాశంలోని దుమ్ము మేఘం, బాగానే వచ్చింది. ఎర్రటి తెర ముందు నల్లగా, మెడ వంచి నిలబడ్డ గుర్రంలాగే ఉంది. కానీ చూపు దాని మీద నిలవలేదు. చుట్టూ చుక్కలన్నీ ఉబ్బిపోయి, ఉప్పు చల్లినట్టు తెల్లగా, ఒకే మాదిరిగా ఉన్నాయి. గుర్రానికి కుడివైపు ఉండే సిగ్మా ఓరియానిస్ అనే నక్షత్రం అయితే ఉత్త తెల్లటి ముద్ద. ఆ ముద్దని చక్కదిద్దడానికి నాకు దాదాపు నెల పట్టింది. ఈ పని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి కొన్ని రాత్రులైనా మిగులుతాయని ఇది రాస్తున్నాను.

చలికాలం రాత్రుల్లో ఒకే వరసలో మూడు చుక్కలు కనిపిస్తాయి కదా, వాటిని మా తాతయ్య గొల్లకావడి అంటాడు. మధ్యలో మనిషి, అటో కుండ, ఇటో కుండ. అందులో ఆఖరున పొడిచే కుండ పేరు అల్నిటాక్. దాని పక్కనే, సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది ఈ దుమ్ము మేఘం. దీన్ని మొదట గుర్తించింది కూడా ఫొటోలోనే. 1888లో హార్వర్డ్ అబ్జర్వేటరీ గాజు పలకల్ని పరిశీలిస్తూ విలియమీనా ఫ్లెమింగ్ కనిపెట్టారు.

నేను తీసింది కూకట్‌పల్లిలో మా డాబా మీద నుంచి. 60 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోప్, 360 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, కలర్ కెమెరా. మూడేసి నిమిషాల ఫ్రేములు 100, అంటే 5 గంటల వెలుగు. ఊళ్ళో ఇన్ని లైట్ల మధ్య మామూలుగా తీస్తే ఏమీ రాదు కాబట్టి డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పెట్టాను. అది హైడ్రోజన్ ఎరుపు (656.3 నానోమీటర్లు), ఆక్సిజన్ నీలి పచ్చ (500.7) తప్ప దాదాపు అన్నిటినీ ఆపేస్తుంది. నెబ్యులాకి అది వరమే. చుక్కలకి మాత్రం నష్టం. చుక్క వెలుగు అన్ని రంగుల్లోనూ వస్తుంది, ఏ రంగు ఎంత ఉందన్నదే దాని అసలు రంగు. రెండు సన్నటి ముక్కలు ఉంచి మిగతాదంతా ఆపేస్తే అసలు రంగు ఎలా తెలుస్తుంది?

ఇది అర్థం కావడానికి ముందు నేను చేసిన పని చుక్కల్ని చిన్నవి చేయడం. గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో, వెలుగు భాగాల అంచుల్ని కొరికేసే ఎరోడ్ ఫిల్టర్ రెండుసార్లు నడిపాను. చిన్నవయ్యాయి, నిజమే. కానీ ఒక్కో చుక్క చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయం వచ్చింది. పైగా పెద్దాచిన్నా తేడా పోయి అన్నీ ఆవగింజల్లా తయారయ్యాయి. మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో వందేళ్ళ కిందట ఆకాశ మధ్యరేఖకి దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీని గాజు పలకల మీద ఫొటోలు తీసి, చుక్కల్ని ఒక్కొక్కటిగా కొలిచారు. ప్రపంచంలోని పలు అబ్జర్వేటరీలు కలిసి చేసిన నక్షత్రాల కేటలాగ్‌లో అది మన వాటా. ఆ పలకల మీద చుక్క మచ్చ ఎంత పెద్దదైతే అంత కాంతివంతమైనదని లెక్క. ఆ సంగతి గుర్తొచ్చాక, అన్నిటినీ ఒకే సైజుకి నొక్కేసిన ఆ ఫొటోని చూడబుద్ధి కాలేదు. డిలీట్ చేశాను.

అసలు చుక్క ఎందుకు ఉబ్బుతుంది? మన టెలిస్కోప్‌కి ఏ నక్షత్రమైనా ఒక బిందువే. గాలి కదలిక వల్ల, అద్దం వల్ల ఆ బిందువు వెలుగు కాస్త పరుచుకుంటుంది. మధ్యలో గట్టిగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. కెమెరా నుంచి వచ్చిన ఫొటో చీకటిగా ఉంటుంది కాబట్టి నెబ్యులా కనపడేలా దాన్ని స్ట్రెచ్ చేస్తాం, అంటే చీకటి భాగాల వెలుగు పెంచుతాం. అప్పుడు ఆ పల్చటి అంచు కూడా పైకి లేస్తుంది, కాగితం మీద నూనె చుక్క పాకినట్టు. రంగు పోయేది కూడా ఇక్కడే. ఒక నీలి చుక్కలో ఎరుపు 30, ఆకుపచ్చ 45, నీలం 60 ఉన్నాయనుకోండి. గరిష్ఠం 100. అన్నిటినీ నాలుగు రెట్లు పెంచితే మూడూ 100 దాటతాయి, అక్కడే తెగిపోతాయి. మూడూ సమానమైతే అది తెలుపే. ఆ తర్వాత శాచురేషన్ (రంగు గాఢత) ఎంత పెంచినా లేని రంగు రాదు.

కాబట్టి నెబ్యులాకి ఒక స్ట్రెచ్, చుక్కలకి వేరే స్ట్రెచ్ కావాలి. నా విషయంలో చుక్కలకి వేరే ఫొటోనే కావాలి.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు సామానంతా కారులో వేసుకున్నాను. నల్లమల అంచున, గిద్దలూరు దగ్గర మా ఊరు. అప్పటికి చంద్రుడు తెల్లవారుజామున గానీ రావడం లేదు. ఫిల్టర్ తీసేసి, 20 సెకన్ల ఫ్రేములు 60, ఒక్క సెకను ఫ్రేములు మరో 60 తీశాను. ఒక్క సెకనువి అల్నిటాక్, సిగ్మా కోసం. తాతయ్య కంబళి కప్పుకుని కళ్ళం దగ్గరికి వచ్చి కాసేపు నిలబడ్డాడు. "ఏందిరా, ఇంత చలిలో దాన్ని కాపలా కాస్తన్నావా?" అన్నాడు. చుక్కల రంగు కోసమని చెప్పాను. "ఆ ఆర్ద్ర ఎర్రగా ఉండాది గదా, వేరే చెప్పాల్నా?" అని చేయెత్తి చూపించి లోపలికి వెళ్ళాడు. నిజమే, ఆ చీకట్లో కంటికే తెలిసిపోతోంది.

తిరిగొచ్చాక ప్రాసెసింగ్ అంతా సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాను. ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి చాలు. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి తప్పక చెప్పాలి. డాబా మీద తీసిన నెబ్యులా స్టాక్ (ఫ్రేములన్నీ కలిపి చేసిన ఒక్క ఫొటో) నుంచి ముందే, చుక్కల్ని విడదీసే స్టార్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్‌తో చుక్కలు తీసేసి, ఆ తర్వాత ఊరి ఫొటోతో కలపబోయాను. కలవలేదు. రెండు ఫొటోల్ని ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టే రిజిస్ట్రేషన్ పనిచేసేది చుక్కల ఆధారంగానే, వాటినేమో నేను తీసేశాను. ఒక సాయంత్రమంతా సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం ఉందని టెన్షన్ పడ్డాక గానీ ఇది తట్టలేదు. ముందు రెండు స్టాక్‌లనీ అలైన్ చేయండి. చుక్కల్ని విడదీయడం ఆ తర్వాతే.

ఊరి ఫొటోకి ముందు కలర్ కాలిబ్రేషన్ చేశాను. ఫ్రేములో ఉన్న చుక్కల్ని గుర్తుపట్టి, కేటలాగ్‌లో వాటికి కొలిచి పెట్టిన రంగులతో పోల్చి సరిచేస్తుంది. రంగు నా ఇష్టం కాదు, కొలత ప్రకారం వస్తుంది. నాకు ఈ మెట్టు చాలా ఇష్టం. ఆ తర్వాత స్టార్‌నెట్‌తో చుక్కల పొర వేరు చేసి, దానికి ఆసిన్హ్ స్ట్రెచ్ ఇచ్చాను. ఇది మూడు రంగుల్నీ ఒకే నిష్పత్తిలో పెంచుతుంది కాబట్టి నీలం నీలంగా, నారింజ నారింజగా మిగులుతాయి. చిన్నచిన్నగా పెంచుతూ, వెలుగున్న చుక్కల మధ్యభాగం తెల్లబడటం మొదలవగానే ఆగిపోయాను. శాచురేషన్ కొద్దిగా పెంచి, ఆకుపచ్చ తీసేశాను. మన కంటికి ఆకుపచ్చ చుక్కలు ఉండవు, ఫొటోలో ఉంటే అది తేడానే.

స్టార్‌నెట్ అన్నిచోట్లా శుభ్రంగా పనిచేయలేదు. అల్నిటాక్ పక్కన ఫ్లేమ్ నెబ్యులా అనే మరో మేఘం ఉన్నచోట అలుకు గుడ్డతో తుడిచినట్టు ఒక మరక మిగిలింది. చాలామంది దాన్ని, పక్క భాగాన్ని కాపీ చేసి అతికించే క్లోన్ టూల్‌తో పూడుస్తారు. నేను పూడ్చలేదు. అక్కడ ఏముందో నా కెమెరా చూడలేదు, నేను గీస్తే అది నా బొమ్మ అవుతుంది. ఒక్క సెకను ఫ్రేముల నుంచి తీసిన అల్నిటాక్‌ని దాని మీద పెడితే మరక చాలావరకు కాంతి కిందే కలిసిపోయింది. అల్నిటాక్ నడిబొడ్డు ఆ ఒక్క సెకనులో కూడా తెల్లగానే ఉంది, చుట్టూ మాత్రం చక్కటి నీలం నిలిచింది.

చివరగా రెండు పొరలూ కలపడం. నేరుగా కూడితే నెబ్యులా వెలుగు, చుక్క వెలుగు కలిసి మళ్ళీ 100 దాటి తెల్లబడతాయి. అందుకే స్క్రీన్ పద్ధతి వాడాలి. రెండు పొరల్నీ తిరగేసి, గుణించి, మళ్ళీ తిరగేస్తుంది కాబట్టి ఎంత కలిపినా హద్దు దాటదు. సిరిల్‌లో స్టార్ రీకంపోజిషన్ తెరిస్తే రెండు స్లైడర్లతో కళ్ళముందే చూసుకోవచ్చు. చుక్కల స్లైడర్‌ని నేను మూడు రోజులు మార్చి మార్చి చూశాను. బాగా తగ్గిస్తే నెబ్యులా గొప్పగా కనిపిస్తుంది, ఈమధ్య చాలా ఫొటోలు అలాగే వస్తున్నాయి. నాకు అది ఒప్పుకోబుద్ధి కాలేదు. గుర్రం వెనక ఆ ఎర్రటి తెర వెలుగుతున్నదే సిగ్మా ఓరియానిస్ అతినీలలోహిత కాంతి హైడ్రోజన్‌ని వెలిగించడం వల్ల. దీపాన్ని దాచేసి వెలుగును మాత్రం చూపిస్తే ఎలా?

సరైన చోటు దొరికాక సిగ్మా దగ్గర 200 శాతానికి జూమ్ చేశాను. ముద్ద లేదు. నీలంగా మెరిసే ఒక పెద్ద చుక్క, దానికి 13 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) దూరంలో, దాదాపు ఆనుకుని ఒక చిన్న చుక్క, కాస్త ఎడంగా 42 ఆర్క్‌సెకన్ల దగ్గర మరొకటి. నా కెమెరాలో ఒక్కో పిక్సెల్ సుమారు 2 ఆర్క్‌సెకన్లు. అంటే ఆ ఆనుకున్న చిన్న చుక్కకీ పెద్దదానికీ మధ్య ఆరు పిక్సెళ్ళే. లెక్క పెట్టుకుని చూశాను, సరిగ్గా ఆరు.

శివరాత్రికి ఆ ఫొటో పెద్ద ప్రింటు తీయించి ఊరికి తీసుకెళ్ళాను. తాతయ్య కళ్ళద్దాలు పెట్టుకుని, వాకిట్లో వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. గుర్రాన్ని అడగలేదు. అల్నిటాక్ మీద వేలు పెట్టి, "ఇది కావట్లో ఏ కుండరా?" అన్నాడు.

"ఆఖరున పొడిచేది, తాతయ్యా."